తాళంచెవి అడిగిన అత్తయ్యగారు

మా అత్తయ్యగారు పోయారన్న సంగతి, ఆవిడ ఏనాడో వదిలేసి వచ్చిన ఫ్యామిలీ గ్రూపులోనే చుట్టాలందరికీ తెలిసింది. మా ఆయనకి చేతులు ఆడకపోతే ఆ నాలుగు మాటలూ నేనే టైపు చేశాను. "అమ్మ ఈ మధ్యాహ్నం ప్రభువు నందు నిద్రించారు. రేపు ఉదయం రాజోలులో సమాధి కార్యక్రమం." పంపానో లేదో, దండాలూ కొవ్వొత్తులూ కన్నీటి బొమ్మలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆవిడది మంచి ఫొటో ఒకటి పెట్టమని ఎవరో అడిగారు. గ్రూపంతా వెనక్కి వెతికాను. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, క్రిస్మస్ కేకులు, అన్నీ ఉన్నాయి. ఆవిడ ఒక్కచోటా లేరు.

"ఫోన్ మోగితే ఎత్తుతాను. మనిషి వస్తే కాఫీ ఇస్తాను. ఇంకా అందులో కూడా నన్ను కూచోబెట్టడం ఎందుకమ్మా?" అన్నారు నాతో, ఆ గ్రూపులోంచి వచ్చేసిన రోజున.

ఆవిడ తయారుచేసిన చదువు పాఠాలు వాడుకుంటున్న టీచర్లు కొందరు, ఆ పాఠాల వెనక ఉన్న మనిషి గురించి రాయమని నన్నడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. అత్తగారి గురించి కోడలు రాసింది మొత్తం నమ్మకూడదంటారు. మీకు నమ్మబుద్ధయినంతే నమ్మండి.

అత్తయ్యగారు రాజోలు దగ్గర ఒక బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. నేను మండపేట నుంచి కోడలిగా వచ్చేనాటికి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. ఏ కాగితమైనా పైకి చదవడం ఆవిడ అలవాటు. కరెంటు బిల్లు, మందుల పెట్టెలో మడతపెట్టి ఉండే సన్న అక్షరాల కాగితం, పెళ్ళి శుభలేఖ, ఏదైనా సరే, బడిలో పిల్లలకి వినిపించినట్టు గట్టిగా చదివేవారు. వంట మధ్యలో ఉన్నా నేను వినాల్సిందే. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత తరవాత విసుగొచ్చేది. ఇప్పుడు ఇంట్లో ఆ గొంతు లేక, కరెంటు బిల్లు వచ్చినా తెలియడం లేదు.

ఆ అలవాటు ఎక్కడిదో ఒకసారి చెప్పారు. ఆవిడ తాతగారు ఒక ఆసామి దగ్గర పాలేరు. చేతికి ఏ కాగితం ఇచ్చినా వేలిముద్ర వేసేవాడట. అందులో ఏముందని అడిగే రోజులు కావు. పేటలో తాటాకు పాకగా చర్చి వెలిసినప్పుడు, బైబిలు చదువుకోవాలని నడివయసులో ఇసుకలో అక్షరాలు దిద్దాడట.

"ఆయన చదువుకున్నది ఉద్యోగానిక్కాదమ్మా. తన వేలి కింద ఏవుందో తెలుసుకోటానికి" అన్నారు.

ఆవిడ ఉద్యోగమంతా ఒకే బెంగ మీద గడిచింది. పై తరగతులకి వచ్చేసినా చదవడం రాని పిల్లలు. వాళ్ళ కోసం ఆవిడ చిన్న చిన్న కథలు రాశారు. ముందు ఒత్తులు లేని మాటలతో, తరవాత ఒక్కొక్క ఒత్తే కలుపుకుంటూ, మెట్టు మెట్టుగా. గోదావరి లంక దాటిన మేక, రొయ్యల చెరువు కాపలా కుక్క, కొబ్బరి దింపుకి వచ్చి చెట్టు మీదే నిద్రపోయిన మావయ్య, ఇలాంటివి. పిల్లలు నవ్వితే కథ ఉంచేవారు, నవ్వకపోతే తీసేసేవారు. సాయంత్రాలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూచుని వాటిని తనే టైపు చేసుకునేవారు. అందుకోసం తెలుగు అక్షరాల ప్రోగ్రాం ఒకటి కొన్నారు. కంప్యూటర్ వెనక తాళంచెవిలా బొటనవేలంత ముక్క ఒకటి గుచ్చితేగాని అది తెరుచుకోదు.

ఒక వేసవిలో పిడుగు పడి ఆ కంప్యూటర్ కాలిపోయింది. లోపలి డిస్కు బతికింది. కొత్త కంప్యూటర్ కొన్నాం. ఆ ముక్క దాని వెనక గుచ్చితే గుర్తుపట్టలేదు. ఫైళ్ళు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ, ఎవరో కోపంతో కీబోర్డు మీద చేత్తో కొట్టినట్టు. అప్పటికి మిగిలిన జిరాక్సు కాగితాలు పిల్లల చేతుల్లో నలిగి చిరిగినవి కొన్నే. చాలా కథలకి అవీ లేవు.

ఇద్దరం అమలాపురం వెళ్ళి కంప్యూటర్ షాపులో చూపించాం. షాపతను మంచివాడు. చాలాసేపు తంటాలు పడ్డాడు.

"మేడమ్‌గారండీ, మీ ఫైళ్ళు భేషుగ్గా ఉన్నాయండి. చదివే ప్రోగ్రామే పనిచెయ్యట్లేదండి."

"నేను రాసినవి నేను చదువుకోటానికి ఎవర్నడగాలి బాబూ?"

"ఆ కంపెనీ వాళ్ళనండి."

"వాళ్ళెక్కడున్నారు?"

"మూసేసేరటండి" అన్నాడు, తనదే తప్పన్నట్టు తలొంచుకుని.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూచున్నారు. డిస్కు ఉన్న కవరు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకున్నారు. నావైపు తిరక్కుండానే అన్నారు. "మా తాతకి అక్షరాలు రావు, చదవలేకపోయేడు. నాకొచ్చు. పైగా నేను రాసినవి. అయినా చదవలేకపోతన్నాను చూడు."

ఆ మాటలో ఏడుపు లేదు. గదిలో పెట్టి బయట గొళ్ళెం పెడితే లోపలున్న మనిషి తలుపుని చూసే చూపు ఒకటుంటుంది. అలా ఉంది ఆవిడ మొహం.

తరవాత నెలల తరబడి ఇంటర్నెట్‌లో వెతికారు. కంప్యూటర్‌లో తెలుగు గురించి మాట్లాడుకునే వాళ్ళ చర్చాగుంపు ఒకటి దొరికితే, అందులో తన కష్టమంతా రాసిపెట్టారు. ఎక్కడో ఉండే ఒకాయన, మేమెవరమూ ఎన్నడూ చూడనాయన, జవాబిచ్చారు. పాత అక్షరాలని ఇప్పటి అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాం ఒకటి తీరిక వేళల్లో రాస్తున్నారట. "ప్రోగ్రాం పంపుతున్నాను. దాని సోర్స్ కోడ్, అంటే లోపలి రాత కూడా పంపుతున్నాను. తప్పులు కనిపిస్తే చెప్పండి, సరిచేసుకుందాం" అని రాశారు.

అత్తయ్యగారు ఆ జవాబుని పైకి చదివి, "లోపలి రాత కూడా" అన్నచోట ఆగి, మళ్ళీ చదివారు.

మొదటిసారి మార్చినప్పుడు మేక లంక దాటింది గాని ఒత్తులన్నీ ఏట్లో పడిపోయాయి. ప్రతి 'ప్రేమ'కీ క్రావడి జారి 'పే్రమ' అయింది. ఆవిడ చిరిగిన జిరాక్సులు పక్కన పెట్టుకుని, ఏ అక్షరం ఎక్కడ దారి తప్పుతోందో రాసి ఆయనకి పంపేవారు. ఆయన సరిచేసి తిరిగి పంపేవారు. ఇద్దరూ ఒకరినొకరు "గారు" అనుకుంటూ, ఒక చలికాలం నుంచి ఇంకో వానాకాలం దాకా క్రావడి గురించే మాట్లాడుకున్నారు. ఆవిడ పట్టుకున్న తప్పుల వల్ల ఆ ప్రోగ్రాం బాగుపడింది. ఇప్పుడు దాన్ని ఎక్కడెక్కడి వాళ్ళో వాడుతున్నారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను చేపలు కడుగుతుంటే, "అమ్మాయ్, ఒకసారి రా" అని గట్టిగా పిలిచారు. చేతులు అలాగే పెట్టుకుని వెళ్ళాను. తెర మీద మేక కథ మొదటి నుంచి చివరి దాకా తెలుగులో ఉంది. ఆవిడ నిలబడి చదివారు. ముందు వరసలోని పిల్లలకి కాదు, వెనక గోడకి ఆనుకుని కూచున్న వాడికి వినపడాలన్నట్టు చదివారు. చదవడం అయ్యాక కుర్చీలో కూలబడి, "ఇంక లోపలి రాత దాచుకునే వస్తువు నేను వాడనమ్మా" అన్నారు.

ఆ మాట ఒట్టులా అనలేదు. పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నారు. కాని ఆ రోజు నుంచి ఆవిడ దారి మారిపోయింది.

అలాంటి ప్రోగ్రాములని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారని నాకు ఆవిడే చెప్పారు. నేను, "ఓహో, ఊరికే ఇచ్చేవా అండీ?" అంటే చిరాకు పడ్డారు. "ఊరికే వచ్చేది కాదమ్మా. ఎలా నడుస్తందో చూడొచ్చు. మార్చుకోవచ్చు. నీకివ్వొచ్చు. ఎవ్వరూ వచ్చి కాదనకూడదు. అదీ సంగతి."

ముందు కంప్యూటర్‌లోని ప్రోగ్రాములన్నీ మార్చుకున్నారు. ప్రింటర్ ఆ కొత్త పద్ధతికి లొంగక, చాలాకాలం తువ్వాలు కప్పుకుని మూల కూచుంది. తరవాత ఫోన్. అక్షరాలు మార్చే ప్రోగ్రాం రాసిన పెద్దమనిషి మెయిల్లో చెబుతుంటే దాని లోపలి వ్యవస్థ తీసి వేరేది ఎక్కించబోయారు. మొదటి ఫోన్ చచ్చిపోయింది. రెండోది బతికింది గాని అందులో బ్యాంకు యాప్ నడవనంది. "పోన్లే, నడిచెళ్తాను" అని బ్యాంకుకి నడిచి వెళ్ళేవారు. ప్రతి కొత్త ప్రోగ్రామూ ఏవో పేజీలు చూపించి కింద 'ఒప్పుకుంటున్నాను' నొక్కమంటే, ఆవిడ ఆ పేజీలన్నీ పైకి చదవడానికి కూచునేవారు. "చదవలేనిదాని మీద మా తాత వేలు పెట్టేడు. మళ్ళీ నేనూ పెట్టాలా?" అనేవారు. మా ఆయనకి అది చాదస్తం. చుట్టాలకి వేళాకోళం. ఆవిడ రెండింటికీ కాఫీ ఇచ్చి పంపేవారు.

నన్ను మాత్రం ఎప్పుడూ మారమనలేదు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పొద్దున్న బడికి వెళ్ళగానే ఫోన్‌కి మొహం చూపించి హాజరు వేయించుకోవాలి. మా బడి దగ్గర సిగ్నల్ అందదు. ఒకసారి పిల్లలకి కథలు చదివి వినిపించడానికి ఆవిడ నాతో వచ్చారు. నేను ఫోన్ పైకెత్తి పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పుకుంటూ, బడి ఆవరణంతా తిరుగుతుంటే వరండాలో నిలబడి చూశారు. పిల్లలు కూడా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. సాయంత్రం ఇంటికొచ్చాక నా పక్కన కూచుని, "నీకు ఉద్యోగం. నీకు కాదనే దారి లేదు. లేదని తెలిసి నడు, చాలు" అన్నారు. నా గురించి ఎవరైనా అంత సరిగ్గా చెప్పిన మాట ఇంకొకటి లేదు.

అన్నిటికంటే కష్టం మా ఆడపడుచు దగ్గర వచ్చింది. ఆ అమ్మాయి కువైట్‌లో నర్సు. శుక్రవారం సెలవు నాడు వీడియో కాల్లో తల్లితో మాట్లాడుకునేది. అత్తయ్యగారు ఆ యాప్ తీసేసి, దాని బదులు వేరొకటి పంపారు. అక్కడ వాళ్ళ హాస్టల్లో అది పనిచెయ్యలేదు. ఇద్దరూ ఎన్నో రకాలుగా ప్రయత్నించారు. చివరికి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"అమ్మకి నా మొహం కన్నా ఆ పట్టుదలే ఎక్కువైపోయిందా వదినా?"

ఆ మాట నేను ఆవిడకి చెప్పలేదు. పక్కగదిలో ఉండి తనే విన్నారు. ఆ తరవాతి శుక్రవారం తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని నా పక్కన వచ్చి కూచున్నారు. "నీ ఫోన్‌లో చెయ్యి. నేను ముట్టుకోను. చూస్తాను" అన్నారు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అలాగే. కాల్ అయ్యాక ఒకసారి తనలో తను నవ్వుకుని, "నేను తాగను అంటూ పక్కవాడి గ్లాసు వాసన చూసినట్టుంది నా పని. మోసవేనమ్మా. కాని దాని మొహం చూడకుండా ఉండలేను" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. రెండు వైపులా తలుపులు మూసుకున్న నడవలో నిలబడ్డ మనిషి నవ్వు అది.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. కథల పాఠాలు పూర్తయ్యాయి. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని పైన రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎక్కడో కొండ ప్రాంతపు టీచర్ ఒకరు మేకని తీసేసి ఆ చోట్లో అడవిపందిని పెట్టుకున్నారని తెలిసి, ఆ రోజంతా ఆనందపడ్డారు.

తరవాత గుండె జబ్బు బయటపడింది. చర్చిలో బైబిలు వాక్యం చదవడానికి లేచి, చదువుతూ చదువుతూ ఆగిపోయి కింద పడిపోయారు. అమలాపురంలో చూపిస్తే కాకినాడ పంపారు. గుండె మధ్యమధ్య కొట్టుకోవడం మరిచిపోతోందనీ, ఛాతీలో పేస్‌మేకర్ పెట్టాలనీ అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఓపిక ఉన్న మనిషి. బొమ్మ గీసి మరీ చూపించారు. ఆవిడ అంతా విని అడిగారు.

"అందులో ప్రోగ్రాం ఉంటుంది కదండీ. దాని లోపలి రాత చూడొచ్చా అండి?"

డాక్టరుగారికి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పారు.

"అది కంపెనీ వాళ్ళదండి మేడమ్‌గారు. మాక్కూడా కనపడదు. మాకు సెట్టింగులు మాత్రం కనపడతాయి."

"చూపించే కంపెనీ ఏదైనా ఉందా అండి?"

"నాకు తెలిసి లేదండి."

ఆవిడ తల వాల్చేశారు. మా ఆయన ఇక ఆగలేకపోయారు. "అమ్మా, దీనికోసం ప్రాణాల మీదికి తెచ్చుకుంటావా?"

"ప్రాణాల మీదికి వచ్చింది కాబట్టే అడుగుతున్నానురా. కంప్యూటర్ నచ్చకపోతే కట్టేసేను. ఫోన్ నచ్చకపోతే మార్చేను. దీన్నేం చేస్తాను, నువ్వు చెప్పు."

నేను ఆడపడుచుకి ఫోన్ కలిపి ఇచ్చాను. "అమ్మా, నేను రోజూ చూస్తాను ఇది పెట్టించుకున్నవాళ్ళని. మనవళ్ళతో ఆడుకుంటారు. పెట్టించుకో అమ్మా. నీకు దణ్ణం పెడతాను" అంది ఆ అమ్మాయి. ఆవిడ చాలాసేపు విని, "ఆయ్, అలాగే" అన్నారు. కూతురితో ఆవిడ ఎప్పుడూ అలా మర్యాదగా మాట్లాడలేదు.

ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితం తెచ్చారు. ఆవిడ మంచం మీద లేచి కూచుని పైకి చదవడం మొదలుపెట్టారు. వార్డంతా వింది. నర్సులు ఆగి విన్నారు. చివరిదాకా చదివి సంతకం పెట్టి, పెన్ను నాకిస్తూ, నాకొక్కదానికే వినపడేలా, "ఇల్లంతా తలుపులు తీసి పెట్టుకున్నానమ్మా. గొళ్ళెం నా లోపలే పడింది" అన్నారు.

అది పెట్టాక ఆవిడ పడిపోలేదు. నిజం చెప్పాలి, ఆ యంత్రం ఆవిడని కాపాడింది. మెడ కింద ఎడమవైపు చర్మం ఉబ్బెత్తుగా ఉండేది. అది కనపడకుండా పమిట సర్దుకునేవారు. మామూలుగా తిరిగేవారు, వండేవారు, బడికి వచ్చి కథలు చదివేవారు. కాని మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, లోపల ఎవరో పిలిచినట్టు వినేవారు.

ఒకసారి కాకినాడ వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చిన తరవాత, ఆటోలో చర్చికి వెళ్తుండగా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పరిగెడతందమ్మా" అన్నారు. మొహమంతా చెమట. ఆటో ఆపించాను. కాసేపటికి నెమ్మదించింది. మళ్ళీ బయల్దేరితే మళ్ళీ అంతే. ఇంట్లో కూచుంటే ఏమీ లేదు. అమలాపురంలో చూపిస్తే అన్నీ బాగున్నాయన్నారు. అది ఆవిడ భయం వల్లేనన్నారు మా ఆయన. అప్పటినుంచి ఆవిడ ఆటో ఎక్కడం మానేశారు. చర్చికి నడవలేక మానేశారు. బడికి రావడం మానేశారు. మా ఇంటి ముందు వీధి గేటు దాకా వచ్చి, దాని కమ్మీలు పట్టుకుని నిలబడి, వచ్చే పోయే వాళ్ళని పలకరించి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ వేసవంతా అలా గడిచింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ గేటు దగ్గరే కనపడేవారు.

తరవాతి పరీక్షకి కారు మాట్లాడి మెల్లగా తీసుకెళ్ళాం. పేస్‌మేకర్ కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చి, ఛాతీ మీద ఒక పరికరం ఆనించి తెర చూస్తోంది. అత్తయ్యగారు జరిగింది చెప్పారు.

"అవునండి. కిందటిసారి మేం ఒక సెట్టింగు ఆన్ చేసేమండి. మీరు నడిస్తే గుండె వేగం పెంచేదండి. ఒక్కోసారి బండి కుదుపుని కూడా నడకే అనుకుంటదండి."

"గతుకుల రోడ్డుని నా పరుగు అనుకుందా?"

"అవునండి."

"నాతో చెప్పకుండా తిప్పేరా అమ్మా?"

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "సారీ అండి. ఎవరూ అడగరండి. ఇప్పుడు తగ్గించేస్తానండి" అని తగ్గించింది. అత్తయ్యగారు ఆ అమ్మాయి మీద కోప్పడలేదు. చెయ్యి పట్టుకుని, "నా గుండె ఇన్నాళ్ళూ ఎలా కొట్టుకుందో అందులో ఉంటుంది కదా, అది నాకివ్వమ్మా" అని అడిగారు.

"ఒక పేజీ ప్రింటు ఇస్తానండి. మొత్తం మా సర్వర్‌కి వెళ్తుందండి. పేషెంట్లకి ఇవ్వరండి."

ఆవిడ ఆ పేజీ తీసుకున్నారు. ఇంటికొచ్చి కంపెనీకి మెయిల్ రాశారు. చాలా మర్యాదగా జవాబొచ్చింది, ఇవ్వలేమని. మళ్ళీ రాశారు. మళ్ళీ అంతే మర్యాదగా వచ్చింది. చివరిదాకా రాస్తూనే ఉన్నారు. ఇందులో ఆవిడ గెలవలేదు. గెలిచినట్టు రాస్తే ఆవిడ ఒప్పుకోరు.

ఆటో మళ్ళీ ఎక్కారు. బడికి మళ్ళీ వచ్చారు. కాని ఒక సాయంత్రం, పెరట్లో మునగాకు దూస్తూ, నేనడక్కుండానే చెప్పారు. "ఇది ఆగిపోవాలని నేనెప్పుడూ ప్రార్థన చెయ్యలేదమ్మా. ఆగకూడదనే చేసేను. తిట్టుకుంటూ చేసేను. పాలేరు ఆసామిని తిట్టుకుంటూనే కూలి గింజలకి వెళ్తాడు చూడు, అలాగ." ఇంకో రెమ్మ అందుకుని, "మా తాత ఎలా బతికేడో ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నారు. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆవిడ తలూపి, మునగాకు చేట నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఈ వానల్లో జ్వరం తగిలింది. ఊపిరితిత్తుల్లోకి దిగింది. అమలాపురం ఆసుపత్రిలో చేర్చాం. మొదట్లో తెలివిగానే ఉన్నారు. సెలైన్ సీసా మీద ఉన్నది పైకి చదవబోతే దగ్గొచ్చింది. నేను చదివి వినిపించాను. ఒక మాట తప్పు పలికితే సరిచేశారు. ఆవిడ నాతో చివరగా మాట్లాడింది అదే. తరవాత మాట పడిపోయింది.

ఆ మధ్యాహ్నం నా ఫోన్‌లో ఆడపడుచు ఉంది. తల్లి మొహం దగ్గరగా పట్టుకోమంది, పట్టుకున్నాను. డ్యూటీ డాక్టరు వచ్చి, మెడ దగ్గర చూసి, కళ్ళలోకి లైటు వేసి చూసి, "అయిపోయిందండి" అన్నారు.

"లేదండీ! అదిగో, గీత లేస్తోంది కదండీ! కొట్టుకుంటోంది!" అన్నారు మా ఆయన, మానిటర్ చూపిస్తూ.

నిజంగానే లేస్తోంది. సన్నగా, నిటారుగా, ఒకే ఎడంతో, ఒకదాని తరవాత ఒకటి. నాకూ ఆశ పుట్టింది. ఆ క్షణంలో ఆ యంత్రం మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

"వదినా, ఫోన్ ఆ స్క్రీన్ వైపు తిప్పు" అంది ఆడపడుచు.

తిప్పాను. ఆ గీతలని చూసింది. తరవాత, డ్యూటీలో ఉన్నప్పటి గొంతుతో, నెమ్మదిగా అంది. "అన్నయ్యా. అది అమ్మ కాదు. అది మెషీన్. అది కరెంటు పంపుతోంది. అమ్మ అందుకోవట్లేదు."

డాక్టరు తలూపి మానిటర్ ఆపేశారు. మా ఆయన ఆ నల్లటి తెరనే చూస్తూ, "లోపల ఇంకా కొడుతూనే ఉంటుందా అండీ?" అని అడిగారు.

"ఉంటుందండి. దహనమైతే పేలుతుందని తీసెయ్యాలి. మీది సమాధి కదండీ, తియ్యక్కర్లేదు."

"ఆపలేమా అండీ?"

"కంపెనీ వాళ్ళు మెషీన్ తెచ్చుకుని రావాలండి."

ఆయన ఫోన్ చేశారు. అవతలివాళ్ళు సంతాపం చెప్పారు. పైవాళ్ళని అడిగి పంపుతామన్నారు. బయట కుండపోత వాన. మర్నాడు ఉదయం దాకా చూశాం. ఎవరూ రాలేదు. పాస్టరుగారు ఇక ఆలస్యం చెయ్యకూడదన్నారు. పెట్టె మోస్తున్నప్పుడు మా ఆయన తన భుజానికి దాన్ని గట్టిగా ఆనించుకుని నడిచారు. ఎందుకలా నడుస్తున్నారో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

ఆడపడుచుకి వెంటనే సెలవు దొరకలేదు. పోయినవాళ్ళ జ్ఞాపకార్థం చేసుకునే ఆదరణ కూడిక నాటికి వచ్చింది. కూడిక అయ్యాక, భోజనాల హడావిడి వదిలేసి, మేమిద్దరం కాలవ గట్టున ఉన్న సమాధుల దొడ్డికి వెళ్ళాం. వానకి ఇసుక ఒకవైపు కుంగి ఉంది. ఎవరో పెట్టిన బంతిపూలు నల్లబడ్డాయి. ఏడుస్తుందనుకుని దగ్గరగా నిలబడ్డాను. ఏడవలేదు.

"అది ఇంకా ఎన్నాళ్ళు కొడుతుందన్నారు వదినా?"

"బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ అన్నారు. ఇంకా కొన్నేళ్ళు ఉండొచ్చుట."

ఆ అమ్మాయి చెప్పులు విడిచి, ఆ తడి ఇసుక మీద మోకాళ్ళ మీద కూచుంది. కుంగిన చోట చేత్తో సర్దింది. తరవాత రెండు వేళ్ళు ఇసుకలో ఆనించి, మంచం పక్కన కూచుని రోగి నాడి చూస్తున్నట్టు, తల కొంచెం పక్కకి వంచి కళ్ళు మూసుకుంది. కాలవలో కొబ్బరికాయల పడవ ఒకటి మమ్మల్ని దాటి చాలా దూరం వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వేళ్ళు తియ్యలేదు.